ఫోటోకి ఒక స్కేలు ఉండదు: పటాలు, ఏరియల్ ఫోటోల మీద దూరం లెక్కించడం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీ ముందు రెండు కాగితాలున్నాయి. ఒకటి 1:50,000 టోపోగ్రాఫిక్ పటం, అంటే నేల ఎత్తుపల్లాలు కూడా చూపించే పటం. రెండోది అదే ప్రాంతానికి విమానంలోంచి నిట్టనిలువుగా కిందికి తీసిన ఫోటో. పటం అడుగున స్కేలు అచ్చయి ఉంది. ఫోటో మీద లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు. ఆ ఫోటో మొత్తానికీ సరిపోయే అంకె ఒకటంటూ లేదు కాబట్టి వెయ్యలేదు. ఈ పూట మనం మాట్లాడుకునేదంతా దీని చుట్టూనే.

ముందు పటం సంగతి త్వరగా చూసేద్దాం. 1:50,000 అంటే పటం మీద ఒకటైతే నేల మీద అలాంటివే 50,000. హారంలో చివరి మూడు సున్నాలు కొట్టెయ్యండి, ఒక మిల్లీమీటరుకి ఎన్ని మీటర్లో వచ్చేస్తుంది. 1:50,000లో మిల్లీమీటరుకి 50 మీటర్లు. 1:25,000లో 25. సెంటీమీటర్లలో కావాలంటే రెండు సున్నాలే కొట్టెయ్యాలి. నేనైతే మిల్లీమీటర్లే వాడమంటాను, ఎందుకంటే తప్పు జరిగేది కూడా మిల్లీమీటర్లలోనే. పాత పటాల మీద 1:63,360 అని వింతగా కనిపించే అంకె మైలుకి అంగుళం అన్న లెక్క. మైలులో 63,360 అంగుళాలుంటాయి, అంతే. హారం పెద్దదయ్యేకొద్దీ స్కేలు చిన్నదవుతుంది. 1:10,000 పెద్ద స్కేలు, 1:2,50,000 చిన్న స్కేలు. దీన్ని తిరగేసి చెప్పేవాళ్లు ఉద్యోగాల్లో చేరాక కూడా కనిపిస్తారు.

విస్తీర్ణానికి వచ్చేసరికి ఈ నిష్పత్తిని వర్గం చెయ్యాలి. 1:50,000లో ఒక చదరపు సెంటీమీటరు అంటే 500 మీటర్లు × 500 మీటర్లు, అంటే 25 హెక్టార్లు. 1:20,000లో 4 హెక్టార్లు. 1:10,000లో సరిగ్గా ఒక హెక్టారు. అందువల్ల దూరంలో 2 శాతం తప్పితే విస్తీర్ణంలో దాదాపు 4 శాతం తప్పుతుంది.

ఇక పటం అడుగున గీసిన రేఖా స్కేలు చూడండి. దాని సున్నా ఎడమ చివర లేదు, కాస్త లోపలికి ఉంది. సున్నాకి ఎడమవైపున్న ముక్కని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టారు. కొలిచిన దూరాన్ని కాగితం అంచు మీద గుర్తు పెట్టుకుని, కుడి గుర్తుని ఏదో ఒక పూర్తి కిలోమీటరు గీత మీద ఆనించాలి, ఎడమ గుర్తు ఆ చిన్న భాగాల్లో పడేట్టు. కుడివైపు 3 కిలోమీటర్లు, ఎడమవైపు 400 మీటర్లు చూపిస్తే 3.4 కిలోమీటర్లు. ఎడమ చివరి నుంచే కొలవడం మొదలుపెడితే ఆ చిన్న ముక్క పొడవంతా, సాధారణంగా ఒక కిలోమీటరు, లెక్కలో గల్లంతవుతుంది.

రేఖా స్కేలుకి ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. పటాన్ని జెరాక్స్ తీసినా, ప్రింటర్‌లో "పేజీకి సరిపెట్టు" అన్నా, రేఖ కూడా పటంతో పాటే కుదించుకుపోతుంది, కాబట్టి అది ఎప్పుడూ నిజమే చెబుతుంది. అంకెల్లో అచ్చయిన భిన్నం మాత్రం మారకుండా అక్కడే ఉండి అబద్ధం చెబుతుంది. ఏ3 నుంచి ఏ4కి తగ్గిస్తే పొడవులు 0.707 వంతవుతాయి. 1:25,000 అని రాసున్న కాగితం అప్పుడు నిజానికి సుమారు 1:35,400. దాని మీద స్కేలుబద్ద పెట్టి 25తో హెచ్చవేస్తే ప్రతి దూరం దాదాపు 30 శాతం తక్కువ వస్తుంది. కంప్యూటర్ తెర మీద పటం చూసేటప్పుడైతే భిన్నానికి అసలు విలువే లేదు. జూమ్ కదిలినప్పుడల్లా అది మారుతుంది.

రేఖా స్కేలు కూడా చిరిగిపోయిన పటం చేతికొస్తే? గ్రిడ్ గీతలుంటే వాటిని నమ్మండి. ఒక కిలోమీటరు గ్రిడ్ గడి 4 సెంటీమీటర్లుంటే 1:25,000. ఒక్క గడి కాదు, పది గడులు కలిపి కొలిచి పదితో భాగించండి. గ్రిడ్ లేకపోతే అంచున ఉన్న అక్షాంశాల గుర్తులు చూడండి. ఒక నిమిషం అక్షాంశం సుమారు 1,852 మీటర్లు. ఐదు నిమిషాలు 9,260 మీటర్లు. పటం మీద అది 18.5 సెంటీమీటర్లుంటే, 9,260ని 0.185తో భాగించండి, 50,054 వస్తుంది. అంటే 1:50,000 పటం. రేఖాంశాల గుర్తులతో మాత్రం ఈ పని చెయ్యకండి. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. 60 డిగ్రీల దగ్గర వాటి మధ్య దూరం సగమే.

గోడకి వేలాడే ప్రపంచ పటం మీద స్కేలుబద్దతో దూరం కొలవకండి. మెర్కేటర్ 1569లో చూపిన ప్రక్షేపంలో, అంటే గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే పద్ధతిలో, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవులు భూమధ్యరేఖ దగ్గరికంటే రెట్టింపు సాగుతాయి. వెబ్‌లో మనం రోజూ చూసే పటాల్లో చాలావాటికి ఆధారం ఆ ప్రక్షేపమే. యూటీఎం గ్రిడ్ (భూమిని సన్నటి నిలువు పట్టీలుగా విడగొట్టి గీసే గళ్లు) ఉన్న పెద్ద స్కేలు పటాల్లో ఈ బెంగ అక్కర్లేదు. అక్కడ పట్టీ మధ్య రేఖాంశం మీద పొడవుల్ని హెచ్చవేసే గుణకం 0.9996, పది కిలోమీటర్లకి 4 మీటర్ల తేడా. 1:50,000లో అది మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు.

వంకర దారి కొలవడం చేతిపని. తిన్నని అంచున్న కాగితం ముక్క తీసుకోండి. బయల్దేరే చోటుకి అంచు ఆనించి చిన్న గుర్తు పెట్టండి. అంచు దారి వెంట ఎంతవరకు సరిగ్గా పోతుందో అక్కడ పెన్సిల్ మొన గుచ్చి, మొన కదలకుండా కాగితాన్ని తర్వాతి వంపు వైపు తిప్పండి. ఇలా చివరిదాకా వెళ్లండి. మధ్యలో వంతెన, కూడలి లాంటివి వస్తే అంచు మీద పేరు రాసుకోండి, లెక్క తప్పినప్పుడు మొదటికి రానక్కర్లేదు. డివైడర్ వాడితే కాళ్ల మధ్య దూరం 2 మిల్లీమీటర్లు పెట్టుకుని అడుగులు వెయ్యండి. 1:50,000లో అడుగుకి 100 మీటర్లు. డివైడర్ వంపుని వంపులా కాక తిన్నని గీతగా దాటేస్తుంది కాబట్టి జవాబు ఎప్పుడూ తక్కువే వస్తుంది. పటాల మీద దొర్లించే చిన్న చక్రం ఉంటే, దాని ముఖం మీది అంకెని నమ్మకుండా, దారి వెంట దొర్లించాక అదే పటం రేఖా స్కేలు మీద సున్నాకి వచ్చేదాకా వెనక్కి దొర్లించండి. చక్రంలో లోపమేదైనా ఉంటే రెండు వైపులా ఒకేలా ఉండి రద్దయిపోతుంది.

అయినా పటం తనవంతు దాస్తుంది. చిన్న స్కేలు పటం గీసేటప్పుడు చిన్న వంపుల్ని చదును చేస్తారు. అదే నది 1:25,000 కంటే 1:2,50,000 మీద పొట్టిగా కొలతకొస్తుంది. తీరరేఖలు, సరిహద్దుల విషయంలో బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ ఇదే గమనించాడు: కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ పొడవు పెరుగుతూ పోతుంది. అందుకే నది పొడవు చెప్పేటప్పుడు ఏ స్కేలు పటం మీద కొలిచారో కూడా రాయాలి. అలాగే రోడ్డు వెడల్పుని పటం మీద కొలవడానికి ప్రయత్నించకండి. 0.8 మిల్లీమీటర్ల గీత 1:50,000లో 40 మీటర్లు. నేల మీద ఆ రోడ్డు పది మీటర్లు కూడా ఉండకపోవచ్చు. అది గుర్తే తప్ప కొలత కాదు. పక్కపక్కనే రోడ్డు, రైలుమార్గం, కాలువ ఉంటే, మూడు గీతలూ కనబడాలని వాటిని పక్కకి జరిపి గీస్తారు కూడా.

పటం మీద కొలిచేది సమతల దూరం, వాలు వెంట నడిచే దూరం కాదు. కొండ అడుగు నుంచి శిఖరానికి పటం మీద 24 మిల్లీమీటర్లు, అంటే 1,200 మీటర్లు. కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) లెక్కపెడితే 20 మీటర్ల అంతరంతో 25 మెట్లు, 500 మీటర్ల ఎత్తు. 1,200 వర్గం, 500 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1,300 మీటర్లు. వంద మీటర్లు ఎక్కువ. అదే వాలు నూటికి పది అయితే తేడా అర శాతమే, దాన్ని వదిలేయొచ్చు. ఎక్కడ పట్టించుకోవాలో తెలియడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

ఇప్పుడు ఫోటో.

(బోర్డు మీద గీస్తూ) పైన కెమెరా కటకం. దాని నాభ్యంతరం, అంటే కటకం నుంచి ఫిల్మ్ దాకా దూరం, f. సముద్రమట్టం నుంచి విమానం ఎత్తు H. నేల ఎత్తు, అదీ సముద్రమట్టం నుంచే, h. కటకం పైనా కిందా ఏర్పడ్డ రెండు సరూప త్రిభుజాలు చూడండి. ఫోటో స్కేలు f బై (H మైనస్ h). ఇంతే సూత్రం. ఫిల్మ్ మీద తీసే మ్యాపింగ్ కెమెరాల్లో f సాధారణంగా 152 మిల్లీమీటర్లు, ఫోటో 23 సెంటీమీటర్ల చదరం.

విమానం 3,400 మీటర్ల ఎత్తున ఉంది, నేల 360 మీటర్లు అనుకుందాం. తీసేస్తే 3,040 మీటర్లు. దాన్ని 0.152తో భాగిస్తే 20,000. స్కేలు 1:20,000. అదే ఫోటోలో ఒక మూల గుట్ట ఉంది, దాని తల 740 మీటర్లు. అక్కడ 2,660 బై 0.152, అంటే 1:17,500. ఇంకో పక్క లోయ, 208 మీటర్లు. అక్కడ 1:21,000. ఒకే కాగితం మీద మూడు స్కేళ్లు. గుట్ట తల కెమెరాకి దగ్గర కాబట్టి పెద్దగా పడింది, లోయ దూరం కాబట్టి చిన్నగా పడింది. ఫోటోకి స్కేలెంత అని ఎవరైనా అడిగితే, ఏ ఎత్తు దగ్గర అని ఎదురు ప్రశ్న వెయ్యండి.

ఈ సూత్రంలో జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. ఒకటి, h తీసెయ్యడం మరిచిపోవడం. ఫోటో అంచున ఎత్తుమీటరు చూపించే అంకె సముద్రమట్టం నుంచి లెక్క. దాన్నే నేల నుంచి ఎత్తు అనుకుంటారు. మన ఉదాహరణలో అలా చేస్తే 1:22,370 వస్తుంది, 12 శాతం తప్పు. రెండు, ఎత్తు అడుగుల్లో ఉంటే మార్చకపోవడం. 10,000 అడుగులు 3,048 మీటర్లు. మూడు, నాభ్యంతరం మిల్లీమీటర్లలో, ఎత్తు మీటర్లలో ఉంచి భాగించేయడం. ఇది తేలిగ్గా దొరికిపోతుంది, ఎందుకంటే జవాబు వెయ్యి రెట్లు తేడా వస్తుంది. మొదటి తప్పే ప్రమాదం, ఎందుకంటే జవాబు నమ్మేట్టు ఉంటుంది.

విమానం ఎత్తు తెలియకపోతే పటం సాయం తీసుకోవాలి. రెండిటిలోనూ స్పష్టంగా కనిపించే రెండు బిందువులు వెతకండి: కూడళ్లు, వంతెన కొనలు, కాలువలు దాటే చోట్లు. చెట్లు, నది ఒడ్డు, చెరువు అంచు వద్దు, అవి ఋతువుని బట్టి మారతాయి. ఫోటో మీద 84 మిల్లీమీటర్లు వచ్చింది, 1:50,000 పటం మీద 33.6 వచ్చింది. పటం హారాన్ని పటం కొలతతో హెచ్చవేసి, ఫోటో కొలతతో భాగించండి. 50,000 × 33.6 బై 84, అంటే 20,000.

ఈ అంకె ఎంత గట్టిదో కూడా చెప్పుకోవాలి. పటం మీద పావు మిల్లీమీటరు అటూ ఇటూ అయితే, 33.6లో అది 0.7 శాతం. అంటే 20,000కి 150 అటూ ఇటూ. అదే మీరు పటం మీద 5 మిల్లీమీటర్ల దూరం తీసుకుని ఉంటే తేడా 5 శాతం, హారంలో 1,000. అందుకే పొడుగాటి గీత ఎంచుకోవాలి. గీత రెండు కొనలూ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి, ఫోటో మధ్యబిందువుకి చెరో వైపు ఇంచుమించు సమదూరంలో ఉండాలి. ఫోటో నాలుగు అంచుల మీద లేదా మూలల్లో ఉన్న ఫిడ్యూషియల్ గుర్తుల్ని (కెమెరాయే ఫోటో మీద వేసే గుర్తులు) ఎదురెదురుగా కలిపితే మధ్యబిందువు దొరుకుతుంది.

మధ్యబిందువుకి చెరో వైపు అని ఎందుకంటున్నానంటే, విమానం ఎప్పుడూ కాస్త వాలి ఉంటుంది. నిలువు ఫోటో అనిపించుకునేదాంట్లో కూడా 3 డిగ్రీల దాకా వంపు ఉండొచ్చు. 2 డిగ్రీల వంపుకి, మధ్య నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో, ఒక వైపు స్కేలు 2 శాతం పైచిలుకు పెద్దది, ఎదుటి వైపు అంతే చిన్నది అవుతుంది. గీత మధ్య గుండా పోతే ఈ రెండూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకదాన్నొకటి అడ్డంగా కోసే రెండు గీతలు తీసుకుని సగటు కట్టడం ఇంకా మేలు. దిగంతం కనిపించే ఏటవాలు ఫోటోలకి ఇదేమీ పనికిరాదు. వాటికి వేరే జ్యామితి కావాలి.

పటమూ లేకపోతే నేల మీద పొడవు తెలిసిన వస్తువు కోసం చూస్తారు. విమానాశ్రయం రన్‌వే బాగా పనికొస్తుంది, పొడవు ప్రచురిస్తారు కాబట్టి. ఫుట్‌బాల్ మైదానం వద్దు. నియమాల ప్రకారమే అది 90 నుంచి 120 మీటర్ల మధ్య ఎంతైనా ఉండొచ్చు. టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, అందులో అనుమానం లేదు, కానీ 1:20,000లో అది 1.2 మిల్లీమీటర్లే. దాని మీద ఆధారపడ్డ స్కేలు గాల్లో మేడే.

(సభలోంచి ప్రశ్న: ఒక బిందువు గుట్ట మీద, ఇంకోటి మైదానంలో ఉంటే సగటు స్కేలు వాడొచ్చా?)

వాడొచ్చు, కానీ ఎంత తప్పుతుందో చూసి వాడండి. మధ్యబిందువుని సున్నాగా పెట్టుకుని అక్షాలు గీయండి. మైదానంలో బిందువు కుడివైపు 60 మిల్లీమీటర్లు, అక్కడ స్కేలు 1:20,000. నేల మీద 1,200 మీటర్లు. గుట్ట తల ఎడమవైపు 40 మిల్లీమీటర్లు, అక్కడ 1:17,500. నేల మీద 700 మీటర్లు. మొత్తం 1,900. మొత్తం 100 మిల్లీమీటర్లకీ 20,000 స్కేలు వాడితే 2,000 అనేవాళ్లం, వంద మీటర్లు ఎక్కువ. రెండు హారాల సగటు 18,750 వాడితే 1,875, ఇప్పుడు 25 తక్కువ. బిందువులు అక్షం మీద లేకపోతే x, y రెండిటినీ ఆయా బిందువు హారంతోనే హెచ్చవేసి, తేడాలు తీసుకుని, పైథాగరస్‌తో దూరం కట్టండి. ఎత్తులు కాంటూర్ల నుంచి దొరుకుతాయి. పని ఐదు నిమిషాలు ఎక్కువ, జవాబు మాత్రం గట్టిది.

ఇంత పని అవసరమా లేదా అన్నది తేల్చుకోవడానికి అడ్డదారి ఒకటుంది. నేల ఎత్తులో తేడాని, విమానం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దాంతో భాగించండి. 50 మీటర్ల ఎత్తుపల్లాలు, 3,040 మీటర్ల ఎత్తు: 1.6 శాతం. మీ పనికి 1.6 శాతం ఫర్వాలేదంటే ఒకే స్కేలు వాడేయండి. విమానం రెట్టింపు ఎత్తులో ఉంటే అదే నేలకి 0.8 శాతమే.

ఇదే కారణంగా ఎత్తైనవి మధ్యబిందువు నుంచి బయటికి ఒరిగినట్టు పడతాయి. టవర్ అడుగు ఒకచోట, తల ఇంకోచోట. ఎంత జరుగుతుందంటే: మధ్యబిందువు నుంచి తలకి ఉన్న దూరాన్ని వస్తువు ఎత్తుతో హెచ్చవేసి, వస్తువు అడుగు నుంచి విమానం ఎత్తుతో భాగించండి. 40 మీటర్ల టవర్, మధ్య నుంచి 76 మిల్లీమీటర్లు: 76 × 40 బై 3,040, సరిగ్గా ఒక మిల్లీమీటరు. నేల మీద 20 మీటర్లు. కాబట్టి దూరం కొలిచేటప్పుడు ఇంటి కప్పు మీద కాదు, గోడ అడుగు మీద గుర్తు పెట్టండి. దీన్నే తిరగేస్తే టవర్ ఎత్తు కూడా తెలుస్తుంది. ఫోటో నట్టనడుమ ఉన్న టవర్‌కి మాత్రం జరుగుబాటే ఉండదు, ఎత్తూ తెలియదు.

ఎత్తుల లెక్కతో ఈ జరుగుబాటుని సరిదిద్దిన చిత్రాన్ని ఆర్థోఫోటో అంటాం. దాని మీద పటం మీదలాగే కొలవొచ్చు. అయితే చాలా ఆర్థోఫోటోల్లో సరిదిద్దేది నేలనే. భవనాల కప్పులు ఒరిగే ఉంటాయి.

(సభలోంచి ప్రశ్న: డ్రోన్ ఫోటోలకి కూడా ఇదే సూత్రమా?)

ఇదే. కాకపోతే అక్కడ కాగితం లేదు కాబట్టి ఒక పిక్సెల్ నేల మీద ఎంతో లెక్క కడతాం: పిక్సెల్ సైజుని ఎత్తుతో హెచ్చవేసి నాభ్యంతరంతో భాగించాలి. పిక్సెల్ 2.4 మైక్రాన్లు, నాభ్యంతరం 8.8 మిల్లీమీటర్లు, ఎత్తు 100 మీటర్లు అయితే 2.7 సెంటీమీటర్లు. ఇక్కడ ఉచ్చు రెండు చోట్ల ఉంది. ఫోటో వివరాల్లో "35 మి.మీ. సమానం" కింద, అంటే 35 మి.మీ. ఫిల్మ్ కెమెరాతో పోల్చి చెప్పే అంకెగా, 24 అని ఇంకో నాభ్యంతరం కూడా కనిపిస్తుంది. దాన్ని ఈ సూత్రంలో పెడితే పిక్సెల్ ఒక సెంటీమీటరే అని తేలుతుంది, 2.7 రెట్లు తప్పు. రెండోది, డ్రోన్ చూపించే ఎత్తు సాధారణంగా అది ఎగిరిన చోటు నుంచి. మీరు గట్టు మీద నుంచి ఎగరేసి, 40 మీటర్లు పల్లంలో ఉన్న పొలం ఫోటో తీస్తే నిజమైన ఎత్తు 140 మీటర్లు, పిక్సెల్ 3.8 సెంటీమీటర్లు. ఆ పొలంలో 500 పిక్సెళ్ల పొడవున్న గట్టుని 13.6 మీటర్లని రాస్తారు, నిజానికి అది 19 మీటర్లు.

ఇక పని మొదలుపెడదాం. మీ ఫోటో మీద మధ్యబిందువు గుర్తించి, దాని గుండా పోయే రెండు పొడుగాటి గీతలు ఎంచుకుని, పటంతో పోల్చి విడివిడిగా స్కేలు కట్టండి. రెండు హారాల మధ్య 2 శాతం కంటే ఎక్కువ తేడా వస్తే, ముందు ఆ రెండూ మళ్లీ కొలవండి. అప్పటికీ తేడా పోకపోతే నాలుగు కొనల ఎత్తులు కాంటూర్ల నుంచి రాసుకుని నా దగ్గరికి తీసుకురండి. సగటు మాత్రం అప్పుడే కట్టకండి.